బోర్డు మీది మాట

కొత్తగూడెం నుంచి ఇల్లందు దాకానో, గోదావరిఖని నుంచి మంథని దాకానో బస్సులో పోయినవాళ్లు ఒకటి గమనించే ఉంటారు. దారి పొడవునా బస్ షెల్టర్లు, బడి ప్రహరీ గోడలు, మంచినీళ్ల ట్యాంకులు. వాటి మీద ఒక బోర్డు, ఫలానా కంపెనీ వారి సి.ఎస్.ఆర్. నిధులతో అని. సి.ఎస్.ఆర్. అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత అని పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ పేపర్లో జిల్లా పేజీ తిప్పి చూడండి, బాధ్యత అన్న మాట వెతికినా దొరకదు. ‘దుప్పట్ల వితరణ’, ‘కుట్టుమిషన్ల పంపిణీ’, ‘బడికి బెంచీల అందజేత’ అని ఉంటుంది. ఫొటోలో ఇచ్చేవాళ్లు పదిమంది, పుచ్చుకునే మనిషి ఒక్కరు. ఆ ఒక్కరూ కెమెరా వైపు చూడాలో, కుట్టుమిషన్ వైపు చూడాలో తెలియక నిలబడి ఉంటారు.

వితరణ చేసేది దాత. బాధ్యత తీర్చుకునేది బాకీ ఉన్నవాడు. దాత ముందు చేతులు కట్టుకుంటాం, బాకీదారుణ్ని గడపలో కూర్చోబెట్టి లెక్క అడుగుతాం. గనుల పక్కనున్న ఊళ్లకు కంపెనీలు చేసే పనులను ఈ రెంటిలో ఏ మాటతో పిలవాలి? ఈ పూట దాని గురించి కాసేపు మాట్లాడుకుందాం. మాట్లాడటానికి సింగరేణి బొగ్గు గనులను మించిన చోటు నాకు తోచలేదు.

భద్రాచలం రాముడి దగ్గరికి నడిచిపోయే యాత్రికులు ఇల్లందు దగ్గర మూడు నల్లరాళ్లు పెట్టి ఎసరు పెడితే, కట్టెలతో పాటు రాళ్లే అంటుకున్నాయని పెద్దలు ఒక కథ చెబుతారు. కాగితాల్లో ఉన్న కథ వేరు. 1871లో జియొలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. అక్కడి ఒక బొగ్గు పొరను ఇప్పటికీ కింగ్ సీమ్ అనే పిలుస్తారు. 1889లో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబరు 23న ఇప్పటి పేరుతో కంపెనీ పుట్టింది. 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది. ఇప్పుడు అందులో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. అంటే ఆ బోర్డు మీది దాత ఎవరని గట్టిగా వెతికితే చివరికి మనమే తేలతాం. అయినా రిబ్బను కత్తిరించే కత్తెర మాత్రం మన చేతికి రాదనుకోండి.

బొగ్గుగనిని మన దగ్గర బాయి అంటారు. ‘మావోడు బాయిల చేరిండు’ అంటే ఒకప్పుడు ఆ ఇంటి దశ తిరిగినట్టే. క్వార్టరు, కరెంటు, నల్లా నీళ్లు, ఏరియా ఆసుపత్రి, పిల్లలకు కంపెనీ బడి, ఆడపిల్లలకు కొత్తగూడెంలో కంపెనీ డిగ్రీ కాలేజీ. లోపల పని ప్రాణాంతకమే. పైకప్పు కూలి, నీళ్లు ముంచుకొచ్చి పోయినవాళ్లు తక్కువేం కాదు. అయినా కరువు పల్లెల నుంచి జనం నడుచుకుంటూ వచ్చి బాయి ముందు నిలబడ్డారు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షా పదహారు వేల మంది దాకా పనిచేసేవారు. అప్పుడు ఏ ఊరూ కంపెనీని ‘మాకేం చేశావు’ అని అడగాల్సిన అవసరం పెద్దగా ఉండేది కాదు. ప్రతి నాలుగో ఇంట్లో జీతం ముడుతుంటే బస్ షెల్టర్ ఎవడిక్కావాలి?

ఇప్పుడు ఆ ఉద్యోగులు 40 వేల చిల్లర. బొగ్గు మాత్రం అప్పటికంటే చాలా ఎక్కువ తీస్తున్నారు. 2023-24లో 7 కోట్ల టన్నుల గీత దాటింది. మనుషులు తగ్గి బొగ్గు పెరిగిందంటే మధ్యలో ఏదో మారినట్టే గదా. మారింది తవ్వే పద్ధతి, వచ్చింది ఓపెన్‌కాస్టు.

భూగర్భ గని ఊరి కింద ఉంటుంది. పైన పొలం దున్నుతూనే ఉంటారు, కింద బొగ్గు తీస్తూనే ఉంటారు. ఖాళీ అయిన చోట గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి లోపలికి పంపి నింపుతారు, పైనేల కుంగకుండా. ఓపెన్‌కాస్టు అలా కాదు. పైనున్న మట్టి, రాయి, చెట్టు, చేను, అవసరమైతే ఊరు, అన్నీ ఎత్తి పక్కన పోయాలి. ఒక టన్ను బొగ్గు కోసం సగటున ఐదారు క్యూబిక్ మీటర్ల మట్టి తీయాలి. ఆ మట్టే మనం దూరం నుంచి చూసి గుట్టలనుకునేది. చిన్నపిల్లలు నిజంగానే గుట్టలనుకుంటారు, వాళ్లు పుట్టేసరికే అవి అక్కడ ఉన్నాయి మరి. ఆ పని డంపర్లు, షవెళ్లు చేస్తాయి. వాటికి వందల మంది కూలీలు అక్కర్లేదు. పైగా మట్టి తీసే పనిలో చాలా భాగం కాంట్రాక్టు. కాబట్టి ఓపెన్‌కాస్టు ఊరి దగ్గర ఎక్కువ తీసుకుంటుంది, ఊరివాళ్లకు తక్కువ ఉద్యోగాలు ఇస్తుంది. సి.ఎస్.ఆర్. అన్న మూడక్షరాలు వచ్చి కూర్చున్నది సరిగ్గా ఈ ఖాళీలోనే.

నీళ్ల సంగతి చెబుతాను, నేను చెప్పదలుచుకున్నదంతా అందులోనే ఉంది.

నూరు మీటర్లో, నూటయాభై మీటర్లో లోతుగా ఒక గుంత తవ్వారనుకోండి. చుట్టుపక్కల నేలలో ఉన్న నీరు ఎటు పోతుంది? పల్లానికే పోతుంది. గని అడుగున సంపులో చేరుతుంది. ఆ నీళ్లు అక్కడే ఉంటే బొగ్గు తీయడం కుదరదు, అందుకని రాత్రింబగళ్లు పంపులతో తోడి పైకి పోస్తుంటారు. గని దగ్గరి ఊళ్లలో బావులు, బోర్లు అడుగంటే ప్రమాదం అందువల్లే. ఇప్పుడు కథలో రెండో భాగం. తోడిన నీళ్లను వాగులోకి వదిలేయకుండా పైపులు వేసి దగ్గరి ఊళ్ల చెరువులు నింపుతారు. సింగరేణిలో ఈ పని చాలాచోట్ల జరుగుతోంది. ఆ చెరువుల కింద పొలాలు పారుతున్నాయి, గొడ్లు నీళ్లు తాగుతున్నాయి. మంచి పని. చేయకుండా వదిలేసిన గనులు దేశంలో ఎన్నో ఉన్నాయి కాబట్టి మంచి పనేనని నిండు మనసుతోనే చెబుతాను.

కానీ ఆ నీరు ఎవరిది? నిన్నటిదాకా మల్లయ్య బావిలో ఉన్న నీరే గని గుంటలోకి జారి, పంపెక్కి, పైపులో తిరిగి మల్లయ్య ఊరి చెరువుకు వచ్చింది. మధ్యలో దాని పేరు మారింది. బావిలో ఉన్నప్పుడు మల్లయ్య నీరు. చెరువులోకి వచ్చేసరికి కంపెనీ వారి సహకారం. మల్లయ్య అంటే ఎవరో కాదు, ఆ పేరు గల మనిషి మన పక్క ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. అతని చేత కొబ్బరికాయ కొట్టించి కృతజ్ఞతలు చెప్పించడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి.

చట్టం ఈ తేడాను మనకంటే బాగానే పట్టుకుంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల నికర లాభమో ఉన్న కంపెనీ, గడిచిన మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. తాను పనిచేసే చోటుకు, ఆ చుట్టుపక్కలకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది నిబంధనల్లో ఉంది. కేవలం తన ఉద్యోగులకు, వాళ్ల కుటుంబాలకు చేసింది సి.ఎస్.ఆర్. కాదు. వ్యాపారంలో మామూలుగా చేయాల్సిన పని సి.ఎస్.ఆర్. కాదు. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేసి తీరాల్సింది కూడా సి.ఎస్.ఆర్. కాదు. అంటే గని రోడ్డు మీద దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు చల్లితే అది ఊరికి చేసిన ఉపకారం కింద రాసుకోకూడదు. భూమి పోయిన రైతుకు ఇచ్చే పరిహారమూ, నిర్వాసితుల కాలనీకి వేసే రోడ్డూ, కరెంటు స్తంభాలూ ఈ 2 శాతంలో కలపకూడదు. అవి అసలు బాకీ. ఈ 2 శాతం ఆ బాకీ తీరిన తర్వాతి మాట. కాగితం మీద గీత ఇంత స్పష్టంగా ఉంది. మన సభల్లో, మన పేపర్లలో, మన నోళ్లలో అది చెరిగిపోతోంది. పునరావాస కాలనీలో బోరు వేసినా పూలదండలే, ఆరోగ్య శిబిరం పెట్టినా పూలదండలే.

ఆ 2 శాతం పెద్దదా, చిన్నదా? లెక్కలు కొన్ని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 2023-24 సంవత్సరానికి సింగరేణి లాభం 4,701 కోట్లు. విస్తరణకు 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు బోనస్‌గా పంచుతామని 2024 సెప్టెంబరులో ప్రభుత్వం ప్రకటించింది. లాభాల వాటా అన్నది సింగరేణి కార్మికులు సాధించుకున్న హక్కు, ఏటా దసరా ముందు ఆ ప్రకటన కోసం కోల్‌బెల్టంతా ఎదురుచూస్తుంది. అదే ప్రకటనలో మొదటిసారి కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5,000 రూపాయలు అన్నారు. ఒకే దుమ్ము పీల్చేవాళ్లు ముగ్గురు ఇక్కడ. ఆ ఏడాది పర్మినెంటు కార్మికుడికి 33 శాతంలో వాటా, కాంట్రాక్టు కార్మికుడికి 5,000. గని కంచెకు ఇవతలి ఊరివాడికి చట్టం చెప్పిన ఆ 2 శాతం నుంచి వచ్చే బస్ షెల్టర్.

కార్మికుల వాటా తగ్గించమని నేననడం లేదు, దయచేసి అలా అర్థం చేసుకోకండి. వాళ్లకు సంఘాలున్నాయి, ఎన్నికలున్నాయి, సమ్మె ఉంది. అడిగి తెచ్చుకున్నారు. ఊరికి ఆ బలం లేదు.

ఊరి తరఫున కూడా ఒకరు అడిగిన రోజు ఉంది. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల చుట్టుపక్కల ఆదివాసీ గ్రామాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిస్తే, సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ఆదివాసీయేతరులకు లీజుకివ్వకూడదంది. దేశమంతా గుర్తుపెట్టుకున్నది ఆ మాటనే. అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం తొందరగా మరిచిపోయారు. అటువంటి చోట పరిశ్రమ నడిస్తే నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతంలో నీటి వసతికి, బడులకు, ఆసుపత్రులకు, పారిశుద్ధ్యానికి, రోడ్లకు శాశ్వత నిధిగా కేటాయించాలని. 20 శాతం! 2011లో కేంద్రం తయారుచేసిన గనుల బిల్లులో బొగ్గు కంపెనీలు లాభంలో 26 శాతం స్థానికులకు ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆ బిల్లు చట్టం కాకుండానే పోయింది. చివరికి దేశానికి దక్కింది 2. ఇరవై అన్న అంకెలో సున్నా ఎక్కడ రాలిపోయిందో ఎవరూ వెతకలేదు.

2 శాతంతో ఇంకో చిక్కు ఉంది. అది లాభంలో వాటా. మూడేళ్ల సగటు లాభం లేకపోతే వాటా లేదు. సింగరేణి 1990లలో నష్టాల్లో కూరుకుపోయి, ఖాయిలా పరిశ్రమల సంగతి చూసే బి.ఐ.ఎఫ్.ఆర్. దాకా పోయిన కంపెనీ. అప్పుడు ఈ చట్టం ఉన్నా ఊళ్లకు పైసా వచ్చేది కాదు. గని నష్టాల్లో ఉంటే బ్లాస్టింగ్ చప్పుడు తగ్గుతుందా? దుమ్ము లేవడం ఆగుతుందా?

అందుకే నాకు 2015లో వచ్చిన జిల్లా ఖనిజ నిధి లెక్క మరింత న్యాయంగా కనిపిస్తుంది. అది లాభాన్ని అడగదు, తవ్విన ఖనిజాన్ని అడుగుతుంది. బొగ్గు మీద ప్రభుత్వానికి కట్టే రాయల్టీ ధరలో 14 శాతం. పాత లీజులకైతే ఆ రాయల్టీ మీద మరో 30 శాతం జిల్లా నిధికి కట్టాలి. నోటిలెక్క వేయండి. వంద రూపాయల బొగ్గు అమ్మితే నాలుగు రూపాయల ఇరవై పైసలు. కంపెనీకి లాభం వచ్చినా, నష్టం వచ్చినా లారీ కదిలితే ఆ డబ్బు కదలాలి. తాగునీరు, ఆరోగ్యం, చదువు, పర్యావరణం వంటివాటికి అందులో పెద్ద భాగం ఖర్చు పెట్టాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ డబ్బు గని పక్క ఊరికి చేరుతుందా, జిల్లా కేంద్రంలో డివైడర్ల మధ్య మొక్కలకు చేరుతుందా అన్నది మాత్రం ఆ జిల్లాలో అడిగేవాళ్లను బట్టి ఉంటుంది.

అడిగే చోటు ఒకటుంది. కొత్త గని తెరవాలన్నా, ఉన్నదాన్ని బాగా పెంచాలన్నా 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. ముప్ఫై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ అంతా వీడియో తీయాలి. జనం అడిగినవి, కంపెనీ చెప్పిన జవాబులు రాసి, సభ ముగిసేలోగా స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఈ చివరి సంగతి తెలియక చాలామంది భోజనాల వైపు నడిచేస్తారు. ఆ షామియానా కింద ఒక్కసారి కూర్చుని చూడండి. వేదిక మీద నుంచి కంపెనీ వాళ్లు బెంచీలు, శిబిరాలు, శిక్షణలు అంటూ జాబితా చదువుతారు. మైకు కిందికి వచ్చేసరికి జనం అడిగేది ఒకటే. ‘మా పోరనికి నౌకరి ఇస్తరా సారూ?’ వేదిక ఒక భాష మాట్లాడుతుంది, షామియానా మరో భాష మాట్లాడుతుంది. రెండూ తెలుగే.

ఆ జాబితాల్లో తప్పకుండా ఉండేది కుట్టుమిషన్. ఏ కంపెనీ అని కాదు, దేశంలో సామాజిక బాధ్యత గుర్తుకొచ్చిన ప్రతి కంపెనీకీ మొదట కుట్టుమిషనే గుర్తొస్తుంది. నాకు దాని మీద కోపమేం లేదు. ఎందరో ఆడవాళ్లు దాని మీద సంసారాలు ఈదారు. కానీ రెండు వందల గడపల ఊళ్లో నలభై మందికి జాకెట్లు కుట్టడం నేర్పితే కుట్టించుకునేవాళ్లు ఎవరు? మూడు నెలల శిక్షణ అయ్యాక మిషన్ మీద గుడ్డ కప్పి, దాని మీద టీవీ పెట్టిన ఇళ్లు నేను చూశాను. ఖర్చు లెక్కలో అది నలభై మంది మహిళల స్వయం ఉపాధి.

దీనికి భిన్నంగా, ఒక మనిషి జీవితం అటునుంచి ఇటు తిరిగేలా చేసిన పనులూ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ బైలడిల్లా కొండల్లో ఇనుము తవ్వే ఎన్.ఎం.డి.సి. ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్ మాసాబ్ ట్యాంకులోనే ఉంది. బస్తర్ ఆదివాసీ అమ్మాయిలను హైదరాబాద్ తీసుకొచ్చి నర్సింగ్ చదివించే పథకం ఒకటి వాళ్లు నడుపుతున్నారు. ఫీజు, హాస్టలు, అన్నీ కంపెనీవే. గోండీ మాట్లాడే ఒక నర్సు దంతెవాడలో ఆసుపత్రి వార్డులో నిలబడితే దాని విలువ ఏ బోర్డూ చెప్పలేదు. అదే బైలడిల్లా కొండల నుంచి వచ్చే ఇనుప ఖనిజపు బురద కలిసి శంఖిని నది ఎర్రగా పారుతుంది. నర్సు చదువు ఆ నదికి పరిహారం కాదు, నది ఎర్రబడింది కాబట్టి నర్సు చదువు అబద్ధమూ కాదు. రెండింటినీ వేర్వేరు ఖాతాల్లో రాయాలి.

మన దగ్గర రామగుండంలో మెడికల్ కాలేజీ 2022లో మొదలైంది. సింగరేణి నిధులిచ్చింది. పేరు కూడా సింగరేణి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడికల్ సైన్సెస్. థర్మల్ స్టేషన్ బూడిద, గనుల దుమ్ము, ఎరువుల ఫ్యాక్టరీ, అన్నీ ఒకేచోట ఉన్న ఊరికి డాక్టర్లు కావాలని వేరే చెప్పాలా? అక్కడి విద్యార్థులు చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి, ఎవరి ఊపిరితిత్తుల్లో ఏముందో ఏళ్ల తరబడి నమోదు చేస్తే కంపెనీకి అది సుఖమైన పుస్తకం కాకపోవచ్చు. ఊరికి మాత్రం నూరు ఆరోగ్య శిబిరాల కంటే అదే మేలు.

ఇక ఒక కొత్త సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. సింగరేణి ఇప్పుడు తెలంగాణ దాటింది. ఒడిశాలో అంగుల్ జిల్లా ఛెండిపడా ప్రాంతంలో నైనీ అనే బొగ్గు బ్లాకు 2015లో దానికి కేటాయించారు. పదేళ్ల తర్వాత, 2025 ఏప్రిల్‌లో అక్కడ తవ్వకం మొదలైంది. ఏడాదికి కోటి టన్నుల గని. నూట ముప్ఫై ఏళ్లకు పైగా మన ఊళ్ల కంపెనీగానే ఉన్న సింగరేణి, అక్కడ బయటి రాష్ట్రపు కంపెనీ. వాళ్ల అడవి, వాళ్ల చెరువు, వాళ్ల బావులు. షామియానా కింద వాళ్ల జనం. వేదిక మీద, తెలుగు యాస ఒడియాలో మాట్లాడుతూ మనవాళ్లు. నైనీ పక్క ఊళ్లోనూ ఏదో ఒక రోజు బస్ షెల్టర్ లేస్తుంది, దాని నెత్తిన ఒక బోర్డు పడుతుంది. ఆ బోర్డు మీద వితరణ అన్న మాటకు ఒడియాలో ఏం రాస్తారో, లేక బాధ్యత అన్న మాటే రాస్తారో, అటువైపు వెళ్లే సింగరేణి ఉద్యోగులు ఎవరైనా ఉంటే చదివి వచ్చి మాకు చెప్పండి.